రెడ్ వైన్‌లో బీఫు, రుచి చూడని వంటవాడు

ఇప్పుడంటే కుర్రాళ్లు ఫోన్ని కారం డబ్బాకి ఆనించి నిలబెట్టి, అందులో ఎవరో చెప్తుంటే చూస్తూ వంట చేసేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో వంటంటే ఒకాయన వెనకాల నిలబడి తిట్లు తింటూ నేర్చుకోవాల్సిన విద్య. నేను అలాగే నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతి నన్ను రెండేళ్లు చదివి, ఇక తన వల్ల కాదని వదిలేశాక (దాన్ని నేను చదివానని ఎవరూ అనలేదు, నేనూ అనను) మా నాన్న నన్ను తీసుకెళ్లి తెనాలి చుట్టుపక్కల పెళ్లివంటలు చేసే ఒక పెద్దమనిషి దగ్గర పడేశాడు. ఆయన్ని అందరూ గరిట పంతులుగారు అనేవారు. వెయ్యిమందికి సాంబారు పెట్టినా, ఐదొందలమందికి పులిహోర కలిపినా ఆయన నాలుక మీద ఒక్క చుక్క వేసుకునేవాడు కాదు. ఆవిరి ముఖానికి పట్టించుకునేవాడు, ఉడుకుతున్న చప్పుడు వినేవాడు, "ఇంకో గుప్పెడు వెయ్యరా" అనేవాడు, అంతే. నేనొకసారి తెలీక పప్పులో గరిట ముంచి వేలితో నాకి చూశాను. "ఓరి అప్రాచ్యుడా! విస్తట్లో పడకముందే నీ నోట్లో పడాలా? ఎంగిలి చేశావు కదరా, ఇక ఆ గుండిగ మొత్తం నువ్వే తాగు!" అంటూ అట్లకాడ పట్టుకుని పందిరి చుట్టూ తరిమాడు. నలభై లీటర్ల గుండిగ అది. ఆ పరుగు తర్వాత పొయ్యి మీద ఉన్నదేదీ నేను మళ్లీ నోట్లో పెట్టలేదు.

అలాంటి నేను మెల్‌బోర్న్ వచ్చి పడ్డాను. మా ఆవిడ నర్సు. ఆవిడ చదువు చూసి ఆవిడకి వీసా ఇచ్చారు, ఆవిడ లగేజీలో భాగంగా నన్నూ రానిచ్చారు. ఊరి చివర క్రాన్‌బర్న్‌లో ఒక డాక్టరు అంకుల్ వాళ్ల పెరట్లో ఉన్న చిన్న ఇంట్లో అద్దెకి దిగాం. అంకుల్ ఈ దేశం వచ్చి నలభై ఏళ్లయింది. రిటైరయ్యాడు, కానీ స్టెతస్కోపు లేకపోయినా మనిషిని చూడగానే నాలుక బయట పెట్టమనే అలవాటు పోలేదు. ఆంటీ మహా నిష్ఠాపరురాలు. వారానికి మూడు రోజులు కేరమ్ డౌన్స్‌లో ఉన్న మన గుళ్లో ప్రసాదాల వంటకి వెళ్లేది. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే స్పష్టంగా చెప్పింది. "చూడు నాయనా, మీరేం తింటారో నేను అడగను. మీరూ చెప్పొద్దు. వాసన మాత్రం ఆ గులాబీ మొక్కలు దాటి మా వైపు రాకూడదు." (గులాబీ మొక్కలకి ఈ సంగతి చెప్పారో లేదో నాకు తెలీదు.)

నాకు మా వీధి చివర పబ్బులో గిన్నెలు కడిగే పని దొరికింది. గిన్నెలు కడగ్గా మిగిలిన టైములో ఉల్లిపాయలు తరగడం, సూపు అడుగంటకుండా తిప్పడం. అక్కడి పెద్ద వంటవాడు ఆరడుగుల మనిషి, ఎర్రగడ్డం, చేతుల నిండా పచ్చబొట్లు. నేనూ మా ఆవిడా ఇంట్లో ఆయన్ని గడ్డం మేస్త్రి అనుకునేవాళ్లం. (ఆయన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆయన యాస మన అక్షరాలకి లొంగేది కాదు. మొదటి రెండు నెలలు నా చెవులకే లొంగలేదు.) గడ్డం మేస్త్రికి ఒకటే మంత్రం: "రుచి చూడు!" కూరగాయలవాడైనా, గిన్నెలవాడైనా, కరెంటు రిపేరుకొచ్చినవాడైనా వంటింట్లో ఉంటే చాలు, చెంచా చేతికిచ్చి "తిని చెప్పు" అనేవాడు. నాకు ప్రాణసంకటం. పంతులుగారి అట్లకాడ పదివేల కిలోమీటర్ల అవతల ఉన్నా నా వీపుకి మాత్రం పక్కనే ఉన్నట్టుండేది. అందుకని ఏం చేసేవాణ్ణంటే, చెంచా సూపులో ముంచి, అటు తిరిగి, సూపు సింకులోకి వంచేసి, ఖాళీ చెంచా నోట్లో పెట్టుకుని "మ్‌మ్‌" అని కళ్లు మూసేవాణ్ణి. ముందే ఆవిరి పీల్చి ఉంటాను కాబట్టి "ఉప్పు చిటికెడు తక్కువ" అనేవాణ్ణి. అది నిజమే అయ్యేది! గడ్డం మేస్త్రి రుచి చూసి, తల ఊపి, "ఈ గిన్నెలవాడి నాలుక బంగారం" అని అందరికీ చెప్పేవాడు. ఎనిమిది నెలలపాటు నా నాలుకకి దాని పనేమీ లేకుండానే మంచి పేరొచ్చింది.

ఆ పేరే నా కొంప ముంచింది. పొయ్యి దగ్గర పనిచేసే కుర్రాడు పెర్త్ వెళ్లిపోతున్నానన్నాడు. గడ్డం మేస్త్రి నన్ను పిలిచి, "ఆ చోటు నీకివ్వాలని ఉంది. కానీ పబ్బులో అందరూ నన్ను చూసి వండుతారు. మనిషి ఇంట్లో ఎలా వండుతాడో చూస్తేగానీ నాకు నమ్మకం కుదరదు. సోమవారం మనకి సెలవు. నేనూ మా ఆవిడా ఆరింటికి మీ ఇంటికి డిన్నర్‌కి వస్తాం. రెడ్ వైన్‌లో బీఫు వండు. బాగుంటే మంగళవారం నుంచి పొయ్యి నీది. లేకపోతే సింకు ఎలాగూ నీదే" అన్నాడు. అని, శనివారం నా ఎదురుగా ఒకసారి మొత్తం వండి చూపించి, తన ఇనపకుండ నా చేతుల్లో పెట్టాడు. అది ఎంత బరువంటే, ఇంటికి మోసుకొస్తుంటే మధ్యలో రెండుసార్లు దాని మీదే కూర్చుని సేదతీరాను.

మా ఆవిడ వినగానే తల పట్టుకుంది. "నువ్వు బీఫ్ తినవు. మన ఇంటా వంటా లేదు. పైగా దేన్నీ రుచి చూడవు. మరి ఎలా వండుతావయ్యా మగడా?"

"వండడం నా వృత్తి, తినకపోవడం మా అమ్మ పెంపకం. రెండింటికీ ఇంతవరకూ తగాదా రాలేదు."

"సోమవారం నాకు పొద్దున్నుంచి రాత్రి దాకా డ్యూటీ. నేనుండను."

"ఉంటే మాత్రం? నువ్వూ తినవుగా."

"తినకపోయినా పక్కన నిలబడి ఏడుద్దునుగా!" అంది మా ఆవిడ. ఆవిడ ప్రేమ అలాగే ఉంటుంది.

సోమవారం పన్నెండింటికి మొదలెట్టాను. రెండు కిలోల మాంసం, పెద్దపెద్ద ముక్కలు. చెయ్యి అలవాటు కొద్దీ ముందు పళ్లెంలో వేసి, పసుపు జల్లి, పంపు కింద నాలుగు నీళ్లు కడిగేశాను. అయిదో నీళ్లకి గానీ గుర్తు రాలేదు, గడ్డం మేస్త్రి ముక్క తడిగా ఉంటే వేగదు, ఉడుకుతుంది అని మరీ మరీ చెప్పాడని. వంటింటి కాగితం చుట్ట మొత్తం అయిపోయింది, ముక్కలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. ఇక గత్యంతరం లేక మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి ముక్కముక్కకీ గాలి కొట్టాను. (ఈ విషయం ఆవిడకి ఇది చదివేదాకా తెలీదు. చదివాక నా పరిస్థితి నాకూ తెలీదు.) ఆరిన ముక్కలకి ఉప్పూ మిరియాలూ పట్టించి, కుండలో నూనె కాగాక నాలుగేసి చొప్పున వేయించాను. తిప్పాలని చెయ్యి దురద పెట్టింది. తిప్పకూడదట. అడుగు అంటనిచ్చి, ఎర్రగా పెచ్చు కట్టాక అప్పుడు తిప్పాలట. అంటుకున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు జీవితంలో అదే మొదటిసారి. ముక్కలు తీసేసి అందులోనే ఉల్లిపాయలు, క్యారెట్లు, టమాటా ముద్ద వేయించి, ఒక సీసా రెడ్ వైను గడగడా పోసేశాను. ఆ చప్పుడు, ఆ పొగ! అడుక్కి అంటినదంతా వైను తాకగానే కరిగి పైకొచ్చేసింది. అప్పటిదాకా అంటు అంటే నా దృష్టిలో రేపు పొద్దున్న తోమాల్సిన పని. అది రుచి దాచుకున్న చోటని ఆ రోజే తెలిసింది. వైను సగానికి మరిగాక ముక్కలు మళ్లీ వేసి, ఎముకలు మరిగించిన నీళ్లు పోసి, బిర్యానీ ఆకు వేసి, మూత పెట్టి, సన్నని సెగ పెట్టిన ఓవెన్‌లోకి తోసేశాను. అప్పటికి టైము ఒకటిన్నర. ఇక నాలుగు గంటలు దాని మానాన దాన్ని వదిలేయడమే.

రెండున్నరకి మూత తీసి, పంతులుగారిని తలుచుకుని ఆవిరి పీల్చాను. అక్కడ నా విద్య ఆగిపోయింది. సాంబారు ఆవిరి నాకు చుట్టం, పప్పుచారు ఆవిరి బాల్యస్నేహితుడు. ఈ వైను ఆవిరి ఎవరో కొత్తవాడు. తీపో పులుపో వగరో, ముక్కులోకి వెళ్లి కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు, వెనకాల ఉప్పుందో లేదో కనపడనివ్వకుండా. మొదటిసారి భయమేసింది. ఉద్యోగం సంగతి సరే, ఎనిమిది నెలలుగా నన్ను నమ్మినవాడు ఇంటికొచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తాడే! అలా నిలబడి ఉంటే పెరటి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. డాక్టరు అంకుల్. చేతిలో గులాబీలు కత్తిరించే కత్తెర. గులాబీలు అటుంటే ఈయన ఇటు వచ్చాడు.

"ఏమయ్యా, ఏమిటి సంగతి? బర్గండీ వైను వాసనేమిటి మా పెరట్లో?"

చెప్పాను. మొత్తం చెప్పాను, ఉప్పు భయంతో సహా. అంకుల్ గేటు వైపు ఓసారి చూశాడు. "ఆంటీ గుడికెళ్లింది. ఐదు దాటితే గానీ రాదు" అన్నాడు. నేనడగలేదు. తర్వాత గొంతు తగ్గించి, "చూడు, నేను బీఫ్ తినను. అంటే, ఇంట్లో తినను. అంటే, మీ ఆంటీ ఉన్న రాష్ట్రంలో తినను. కానీ ఇది మెడికల్ ఎమర్జెన్సీ. ఎ యంగ్ మ్యాన్స్ కెరీర్ ఈజ్ ఎట్ స్టేక్. ఏదీ, ఒక ముక్క ఇలా పెట్టు" అన్నాడు.

దేవుడు పంపించాడనుకున్నాను. పెద్దాయన, చదువుకున్నవాడు, నలభై ఏళ్లుగా ఇక్కడి తిండి తిన్నవాడు. ముక్క పెట్టాను. కళ్లు మూసుకుని నమిలాడు. కళ్లు తెరిచి, "అబ్బో! ఉప్పు కషాయమయ్యా! మనిషి తినేదేనా ఇది?" అన్నాడు. రెండు గరిటెల పులుసు తీసి పారబోసి, మామూలు నీళ్లు పోశాను. నాలుగు బంగాళాదుంపలు చెక్కు తీసి లోపల పడేశాను, ఉప్పు లాగేస్తాయని. మూడుంబావుకి మళ్లీ పిలిచాను. పిలవడమేమిటి, తలుపు దగ్గరే ఉన్నాడు.

"బెటర్. కానీ ఇంకా ఉంది. ఒక ముక్కతో చెప్పలేం. గ్రేవీలో ఉప్పు వేరు, ముక్కలో ఉప్పు వేరు. రక్తంలో షుగరు, యూరిన్‌లో షుగరు వేరువేరుగా చూడమా, అలాగన్నమాట. ఇంకోటి పెట్టు. ఆ మూలదీ, కొవ్వున్నది."

మళ్లీ రెండు గరిటెలు తీసి పారబోశాను, నీళ్లు పోశాను, ఇంకో మూడు దుంపలు వేశాను. నాలుగింటికి వచ్చాడు. నాలుగున్నరకి వచ్చాడు. వచ్చినప్పుడల్లా కుర్చీ బల్లకి కొంచెం దగ్గరగా జరిగేది. అయిదింటికి పులుసు గిన్నెలో పోయించుకుని, బ్రెడ్డు ముంచుకుని తిని, చెయ్యి గాల్లో ఆడిస్తూ, "పర్ఫెక్ట్! టచ్ చెయ్యకు. ఇదీ ఉప్పంటే. ఇలాంటిది నేను యంగ్‌గా ఉన్నప్పుడు లండన్‌లో తిన్నాను" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఆయన వెనక తలుపులో ఆంటీ కనిపించింది, గుడి కుంకుమ నుదుటి మీదా, ఆయన బీపీ మాత్రల డబ్బా చేతిలోనూ.

అంకుల్ చేతిలో బ్రెడ్డు ముక్క, దాని చివర వేలాడుతున్న ఎర్రటి పులుసు బొట్టు. ఆ బొట్టు కూడా పడాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"కుర్రాడికి సాయం చేస్తున్నానోయ్, ఉప్పు చూసి పెడుతున్నా" అన్నాడు చివరికి.

ఆంటీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను కూడా. కొంగు తీస్తే నవ్వు.

"ఉప్పా? ఈయన్నా నువ్వు ఉప్పు అడిగింది? అయ్యో నా తండ్రీ! బీపీ అని పన్నెండేళ్ల నుంచి ఈయనకి నేను చప్పిడి కూడు పెడుతున్నాను. అప్పడం కూడా ఉప్పు లేనిదే. ఈయన నాలుకకి చెరువు నీళ్లు కూడా సముద్రమే!"

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మూడు గంటలుగా, ఆయన నాలుక మీద నమ్మకంతో, కూరలోంచి ఉప్పంతా గరిటెతో తోడి సింకులో పోశాను. గడియారం చూశాను. అయిదుంబావు. ఇప్పుడు ఎంత వెయ్యాలి? నా ముక్కు పనిచేయదు, నాలుక పెట్టను, ఉన్న ఒక్క నాలుకా చప్పిడిది. "ఆంటీ, ఆరింటికి ఆయనొస్తాడు. ఇక నేను సింకులోనే" అన్నాను. హాస్యం పండించే మనిషిని, ఆ క్షణాన ఒక్క జోకు కూడా పలకలేదు.

ఆంటీ నన్ను చూసింది, కుండని చూసింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడి కొంగు బిగించింది. "మేం గుళ్లో మూడొందలమందికి వండుతాం. దేవుడికి పెట్టేముందు రుచి చూస్తామా? లేచి నిలబడు. ముందు మాంసం ఎంత?"

"రెండు కిలోలు."

"నీళ్లు ఎన్నిసార్లు తీసి పోశావు?"

"నాలుగుసార్లు. రెండేసి గరిటెలు."

"దుంపలు?"

"ఏడు."

"ఇప్పుడు ముక్కలెన్ని మిగిలాయి?" నేను అంకుల్ వైపు చూశాను. ఆంటీ కూడా చూసింది. "ఏమండీ, మీరెన్ని తిన్నారు?"

"ఏదో, రెండో మూడో..."

"ఉప్పు లెక్క తప్పుతుందండీ. అవతల వాడి ఉద్యోగం. నిజం చెప్పండి."

అంకుల్ బ్రెడ్డు కింద పెట్టాడు. నలభై ఏళ్లు రోగుల చేత నిజాలు చెప్పించిన మనిషి. కత్తెర ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, "పదకొండు" అన్నాడు.

"పదకొండా!" అంది ఆంటీ. నేనూ అదే అనబోయాను, కానీ అద్దెకున్నవాణ్ణి.

"కొన్ని చిన్నవి" అన్నాడు అంకుల్.

ఆంటీ కళ్లు మూసుకుని పెదవులతో ఏదో లెక్క కట్టింది. "మూత తీసి గరిటెతో కదుపు. నెమ్మదిగా. చప్పుడు విననీ" అంది. కదిపాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం కొంగు పక్కకి తీసి వాసన చూసింది, వెంటనే కప్పేసుకుంది. జన్మలో గుడ్డు కూడా తాకని మనిషి. "సారా వాసన పోయింది. లోపల తీపి నిలబడింది, దానికి అడ్డుకట్ట లేదు. ఎడమ చెయ్యి చూపించు." చూపించాను. "పెద్ద చెయ్యే. అరచేతి గుంట నిండా ఉప్పు పొయ్యి. ఊఁ. అంత కాదు, ఒక చిటికెడు తియ్యి. ఇంకొంచెం తియ్యి. చాలు. చుట్టూ జల్లు, మధ్యలో కాదు. మూత పెట్టి పావుగంట ముట్టుకోకు." అలాగే చేశాను. నా జీవితంలో అంత వినయంగా ఏ పంతులు మాటా వినలేదు, బళ్లో ఇలా వినుంటే కలెక్టర్నై ఉందును. పని అయిపోగానే ఆంటీ, "నేనిప్పుడు తలస్నానం చేయాలి. మీరు పదండి, ముందు మీ బీపీ చూడాలి" అంది. గులాబీల మధ్య నుంచి ఆయన్ని నడిపించుకుంటూ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఆయన "కొంచెం ఉప్పెక్కువ వేయించావేమోనోయ్" అనడం వినిపించింది.

గడ్డం మేస్త్రి సరిగ్గా ఆరింటికి బెల్లు కొట్టాడు. (మనవాళ్లు ఆరింటికి రమ్మంటే ఏడున్నరకి "బయల్దేరాం" అని ఫోన్ చేస్తారు. ఆ రోజు ఆ గంటన్నర నాకు ఎంత పనికొచ్చేదో!) వాళ్లావిడ పొట్టిగా, బొద్దుగా, గడపలోంచే నవ్వుతూ వచ్చింది. నా దగ్గర ఉన్నవి రెండు పెద్ద తెల్ల పళ్లాలు, మిగిలినవి లెక్కపెట్టదగ్గ ముక్కలు. అందుకని పళ్లానికి మూడేసి ముక్కలు మధ్యలో పేర్చి, చుట్టూ పులుసు గీతలా గీశాను. ఆ ఏడు బంగాళాదుంపలూ మూడు గంటలు వైన్‌లో నాని వంకాయ రంగుకి తిరిగిపోయాయి. వాటిని పారేయడానికి మనసొప్పక వెన్న వేసి మెదిపి పక్కన పెట్టాను.

"ఊదారంగు దుంపల ముద్ద! ఇది నేను నేర్పలేదే" అన్నాడు గడ్డం మేస్త్రి.

"మాకు తోచినట్టు చేశామండీ" అన్నాను. బహువచనం అప్రయత్నంగా వచ్చింది.

చెంచా ఆన్చగానే ముక్క విడిపోయింది. నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. నేను ఊపిరి ఆపాను. మళ్లీ నమిలాడు. రెండో ముక్క, మూడో ముక్క, ఊదా దుంపలు. చివరికి బ్రెడ్డుతో పళ్లెం ఎంత శుభ్రంగా తుడిచాడంటే, కడగాల్సిన అవసరం లేదని ఒక గిన్నెలవాడిగా నేను సర్టిఫికెట్టు ఇవ్వగలను. "ఇంకొంచెం" అని పళ్లెం చాపాడు.

"అయిపోయింది."

"అయిపోయిందా? రెండు కిలోలు! సరే, నీ పళ్లెం ఏది? నువ్వు తినవేం? కూర్చో. తన వంట తను తినని వంటవాడికి నేను పొయ్యి ఇవ్వను."

అంతే, ఇక దాచడానికి చోటు లేదు. అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది, "ఇందాకే తిన్నాను" అనడానికి. పెదవి కదిలింది కూడా. కానీ గంట కిందటే ఒక పెద్దమనిషి నా ఉద్యోగం కోసం భార్య ముందు తల వంచుకుని పదకొండని ఒప్పుకున్నాడు. నేను ఒకటి ఒప్పుకోలేనా? చెప్పేశాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, క్రియలు వదిలేసి. నేను ఇది తినను. ఎప్పుడూ తినలేదు. మీ సూపు కూడా ఎప్పుడూ రుచి చూడలేదు. ఎనిమిది నెలలుగా ఖాళీ చెంచా నాకాను. గడ్డం మేస్త్రి మొహం ఆయన గడ్డం రంగుకి వచ్చింది.

"మరి ఇందులో ఉప్పు? ఇంత సరిగ్గా ఎవరు వేశారు?"

"పక్కింటి ఆంటీ చెప్పింది."

"ఆవిడ రుచి చూసిందా?"

"లేదండీ. ఆవిడ పుట్టిన్నుంచీ శాకాహారి. మెట్టు మీద నిలబడి, వాసన చూసి, చప్పుడు విని చెప్పింది."

"మరి ఎవరూ రుచి చూడలేదా?"

"వాళ్లాయన చూశాడు. అందుకే ముక్కల్లేవు."

వాళ్లావిడ తాగుతున్న వైను ముక్కులోంచి వచ్చేసింది. నవ్వీ నవ్వీ బల్ల మీద తల పెట్టేసింది. గడ్డం మేస్త్రి మాత్రం నవ్వలేదు. పళ్లెం వైపు చూశాడు, కుండ వైపు చూశాడు, కిటికీలోంచి గులాబీల అవతల ఉన్న ఇంటి వైపు చాలాసేపు చూశాడు. లేచి కోటు వేసుకుని, తన కుండ తను చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "రేపు పదింటికి పొయ్యి దగ్గర ఉండు. నువ్వు తినేవి నువ్వే రుచి చూడాలి, ఎవరేమన్నా సరే. నువ్వు తిననివి నేను చూస్తాను. ఖాళీ చెంచా ఇంకోసారి నోట్లో కనిపించిందో, సింకులో ముంచుతా" అన్నాడు. కారెక్కాక ఆయన కూడా నవ్వడం మొదలెట్టినట్టున్నాడు. హారన్ ఊరికే మోగింది.

మర్నాడు పదింటికి వెళ్లాను. నాకు ఇచ్చిన మొదటి పని గుమ్మడికాయ సూపు. అల్లం వేశాను, కొంచెం జీలకర్ర దొంగతనంగా వేశాను. మరిగింది. గడ్డం మేస్త్రి చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. చెంచా ముంచాను. వీపు ముందుగానే ముడుచుకుంది. నోట్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకి ఇది ఎంత చెప్పినా అర్థం కాదు. పదిహేనేళ్ల వయసు నుంచీ వండుతున్నాను, ఎన్ని వేలమందికి వడ్డించానో. మేం వంటవాళ్లం ఎప్పుడూ ఆఖరి బంతిలో కూర్చునేవాళ్లం, అన్నీ చల్లారి, అడుగుబొడుగు మిగిలి, పప్పులో పులుసు, పులుసులో పాయసం కలిసిపోయాక. నా చేతి వంట వేడివేడిగా, అందరికంటే ముందు, అది ఎలా ఉండాలో అలా ఉన్నప్పుడు నేను తినడం ఆ గుమ్మడికాయ సూపే మొదలు. ఇరవై ఆరేళ్లవాణ్ణి, పబ్బు వంటింట్లో, చెంచా నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏమైంది? ఉప్పు తక్కువా?" అన్నాడు గడ్డం మేస్త్రి.

"లేదు" అన్నాను. "బాగుంది. ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు."